ఇంట్లో రెండో రోగి

పలాస డయాలసిస్ కేంద్రం బయట సిమెంటు అరుగు మీద వైకుంఠరావుకి ఒక చోటుంది. ఆయన పేర ఎవరూ రాసివ్వలేదు గానీ, వారానికి మూడు పూటలు ఆయన అక్కడే కూర్చుంటాడని తెలుసు కాబట్టి మిగతావాళ్ళు ఆ చోటు వదిలేస్తారు. లోపల ఆయన తమ్ముడు ధనుంజయ చేతికి గొట్టాలు తగిలించుకుని మంచం మీద పడుకుని ఉంటాడు. ఒంట్లోని రక్తం మిషనులోకి వెళ్ళి, శుభ్రపడి, తిరిగి ఒంట్లోకి వస్తుంది. ఆ తతంగం ముగియడానికి సగం పూట పడుతుంది. అంతసేపూ అన్న బయట కాపలా.

పూండి దగ్గరి తమ ఊరి నుంచి తమ్ముణ్ణి మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకురావడం, మిషను దిగాక సోలిపోయే మనిషిని మెల్లగా ఇంటికి చేర్చడం నాలుగేళ్ళుగా వైకుంఠరావు పనే. ధనుంజయకి భార్య పోయింది, పిల్లలు లేరు. అన్నే దిక్కు. అందుకే ఆ అరుగు మీద కూర్చునే ఆడవాళ్ళు, "అన్నంటే అలాగుండాల" అని ఆయన వినేలాగే అనుకునేవారు. ఆయన తల వంచుకుని ఊరుకునేవాడు. అందరూ దాన్ని వినయం అనుకున్నారు.

ఆయన కుడిచెయ్యి మాత్రం ఎప్పుడూ తొడ కింద ఉండేది. కూర్చున్నంతసేపూ దాన్ని అలా అణిచిపెట్టుకునేవాడు. చదివేవాళ్ళు ఆ చేతిని కాస్త గమనించాలి. ఎందుకంటే ఆ అరుగు మీద గమనించినవాళ్ళు ఒక్కరూ లేరు. రోగులకు తోడు వచ్చినవాళ్ళతో నిండిన ఆ చోట ఒక మనిషి ఏడాదిన్నరగా తన జబ్బు మీద తానే కూర్చుని ఉన్నాడు.

పలాస చుట్టుపక్కల పల్లెలున్న ఉద్దానంలో మనుషులు పలకరించుకునే తీరు వేరు. మనిషి కొంచెం నలతగా కనిపిస్తే చాలు, "క్రియాటినిన్ ఎంతుంది?" అని అడుగుతారు. అది కిడ్నీల తీరు చెప్పే రక్తపరీక్ష అంకె. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా తన అంకె టక్కున చెబుతుంది. వీధి వీధిలో కిడ్నీలు పాడైపోతుంటే ఆ మాట నోటికి రాకుండా ఎలా ఉంటుంది? ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం పట్టుకెళ్ళారు. ఇదీ కారణమని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. ఎందుకొస్తుందో తెలియని జబ్బంటే మనిషికి మరీ భయం. ఆ భయం ముందు మిగతా జబ్బులన్నీ చిన్నవైపోయి, ఎవరి కంటికీ ఆనకుండా పోయాయి.

వైకుంఠరావు విషయంలోనూ అదే జరిగింది. జీడితోటలో పిక్కలు ఏరుతుండగా ఒకనాడు ఆయన బొటనవేలు దానంతటది ఆడటం మొదలుపెట్టింది. భార్య బొడ్డమ్మ చూసి గుండె బాదుకుంది. మర్నాడే పలాస తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయించింది. కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయన్నారు. బొడ్డమ్మ ఆనందం పట్టలేక అమ్మవారికి కొబ్బరికాయలు కొట్టి వీధంతా ముక్కలు పంచింది.

"కిడ్నీ బాగుంది, అది సాలు. సెయ్యి ఒణికితే ఒణికింది. వయసు మీద పడితే ఒణకదేటి?" అంది.

కిడ్నీ జబ్బు లేదంటే ఇక ఏ జబ్బూ లేనట్టే! మరో ప్రాంతంలో అయితే ఈ మాటకి నవ్వుతారు. ఉద్దానంలో ఎవరూ నవ్వరు, కొబ్బరి ముక్క కళ్ళకద్దుకుని తింటారు.

ఒళ్ళు మాత్రం తన మాట తాను చెబుతూనే ఉంది. వైకుంఠరావు అడుగు కురచ అయింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అంతకంతకూ ఎక్కువసేపు పట్టేది. మాట మెత్తబడిపోయి, ఎదుటివాళ్ళు రెండోసారి అడిగేవారు. ముఖంలో కదలిక తగ్గి, ఊరికే కూర్చున్నా కోపంగా ఉన్నట్టు కనిపించేవాడు. చివరికి టెక్కలిలో ఒక డాక్టరు ఆయన నడక చూసి, విశాఖపట్నంలో నరాల డాక్టరు మాధవీలత దగ్గరికి పంపాడు.

ఆమె ఆయన్ని నడిపించింది, వెనక్కి తిరగమంది, వేళ్ళు ఆడించమంది. తర్వాత ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "దీన్ని పార్కిన్సన్ జబ్బంటారు. ఒంటిని కదిలించడానికి మెదడులో డోపమిన్ అనే పదార్థం కావాలి. మీలో అది తగ్గిపోతోంది. జబ్బుని మొదలంటా తీసేసే మందు ఇంకా రాలేదు. కానీ మాత్రలు వేళకి వేసుకుని, రోజూ వ్యాయామం చేస్తే చాలా ఏళ్ళు మీ పనులు మీరే చేసుకోవచ్చు. ఈసారి ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురండి."

ఆయన ఒంటరిగా వెళ్ళాడు, ఒంటరిగానే తిరిగొచ్చాడు. "వయసు ఒణుకంట. బలానికి మాత్రలిచ్చినారు" అని ఊరుకున్నాడు.

ఆ ఇంట్లో రోగి ఒకడున్నాడు, రెండో రోగికి చోటెక్కడిదని ఆయన లెక్క. తనకి జబ్బని తెలిసిన మరుక్షణం బండి తాళం లాక్కుంటారు. అప్పుడు తమ్ముణ్ణి ఎవరు తీసుకెళ్తారు? కొడుకు త్రినాథ్ కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో తెల్లారకముందే పనికెక్కుతాడు. ఆటోవాడు ఒకరోజు వస్తే ఒకరోజు రాడు. ఒక్క పూట డయాలసిస్ తప్పితే ఒళ్ళు ఉబ్బి, ఊపిరాడక తమ్ముడు పడే అవస్థ ఆయన కళ్ళారా చూశాడు. తన చెయ్యి ఏమైపోయినా సరే, తమ్ముడి పూట తప్పకూడదు. అదొక్కటే ఆయన పట్టుదల.

పోనీ మాత్రలైనా మింగాడా అంటే, అదీ లేదు. ఇక్కడ ఆయన ఉద్దానం మనిషి మాత్రమే చేసే పొరపాటు చేశాడు. ధనుంజయ కిడ్నీలు చెడకముందు మోకాళ్ళ నొప్పులకి ఊళ్ళో దొరికిన మాత్రలన్నీ మింగేవాడు. ఆరోగ్య శిబిరానికి వచ్చినవాళ్ళు, డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు మింగవద్దని, అవి కిడ్నీలకు చేటని ఊరంతా తిరిగి చెప్పారు. మంచి మాటే. అందులో వైకుంఠరావు చెవికి సగమే ఎక్కింది. మాత్రంటేనే కిడ్నీకి చేటని ఆయన ఖాయం చేసుకున్నాడు. చెయ్యి మరీ మాట విననప్పుడు ఒకటి మింగేవాడు. మిగతావి పెట్టెలో దాచేవాడు.

అలా రోజులు గడుస్తుండగా త్రినాథ్ ఒక సాయంత్రం తన ఫోన్ తండ్రి ముందు పెట్టాడు. అందులో ఎవరో పెద్దాయన చెయ్యి గడగడ వణుకుతోంది. తెల్లకోటు మనిషి ఒకడు గుండ్రటి పరికరాన్ని ఆయన తల దగ్గర పెట్టగానే ఆ చెయ్యి ఆగిపోయింది. "కోత లేదు! మాత్రలు లేవు! అయస్కాంతంతో వణుకు మాయం!" అని కింద రంగురంగుల అక్షరాలు పరుగెత్తాయి.

"నీ వయసు ఒణుక్కి కూడా పని సేత్తాదేమో నాన్నా. నువ్వెల్లిన డాక్టరమ్మ ఆసుపత్రిలో కూడా ఇలాటి మిషనుందంట" అన్నాడు త్రినాథ్.

వంటింట్లోంచి బొడ్డమ్మ పరుగున వచ్చింది. "తలకి కరెంటెడతారేటి? పిచ్చోళ్ళకి గదా అలాగెడతారు! మీ నాన్నకి మతి సెడిందని ఊరంతా అనుకోదేటి?"

"కరెంటు కాదే అమ్మా, అయస్కాంతం."

"ఏదైతే ఏటి? తల జోలికి మాత్రం ఎల్లొద్దు, సెప్పీసినాను."

వైకుంఠరావుకి ఆ వాదన చెవికెక్కలేదు. "మాత్రలు లేవు" అన్న ముక్క దగ్గరే ఆయన మనసు నిలిచిపోయింది. కిడ్నీకి భయం లేదు. జబ్బు పేరు ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాలుగుసార్లు వెళ్ళొస్తే చెయ్యి ఆగుతుంది, బండి తన చేతిలోనే ఉంటుంది. ఎన్నాళ్ళకో ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఆసుపత్రికి ఫోన్ చేయిస్తే వచ్చే నెలలో రమ్మన్నారు. ఆ రోజు నుంచే ఆయన అడపాదడపా మింగే మాత్ర కూడా మానేశాడు. మన పల్లెల్లో నాటు మందు తినబోయేవాళ్ళు ముందుగా పథ్యం పడతారు గదా. పాత మందు ఒంట్లో ఉంటే కొత్త మందు పట్టదని పాత మందులన్నీ ఆపేస్తారు. పసరు మందుకి పెద్దవాళ్ళు చెప్పిన ఆ పద్ధతినే ఆయన అయస్కాంతానికీ పాటించాడు. ఎవరినీ అడగలేదు. అడిగితే జబ్బు బయటపడుతుంది మరి.

పథ్యం పట్టిన కొద్దిరోజులకే ఒళ్ళు కొయ్యబారింది. మంచం మీద పక్కకి తిరగాలన్నా బొడ్డమ్మ చెయ్యి అందించాల్సి వచ్చింది. "సలి పట్టీసింది" అని ఆమెకు సర్దిచెప్పాడు. డయాలసిస్ రోజు రాగానే పళ్ళు బిగించి లేచి, తమ్ముణ్ణి వెనక ఎక్కించుకుని బండి కదిపాడు. కదిలే బండి మీద ఎవరికీ తేడా తెలియదు. ఆగాల్సి వచ్చినప్పుడే గొడవ.

దారిలో రైలు గేటు పడింది. వైకుంఠరావు బ్రేకు నొక్కాడు. కాలు కింద పెట్టాలి. పెట్టమని మనసు చెబుతూనే ఉంది, కాలు వినిపించుకోలేదు. బండి నిలబడినది నిలబడినట్టే పక్కకి ఒరిగి, అన్నదమ్ములిద్దరూ రోడ్డు మీద పడ్డారు.

పడుతూనే ధనుంజయ ఎడమచేతిని గుండెలకి అదుముకున్నాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపింది ఆ చేతికే. దానికి దెబ్బ తగిలితే మిషను ఎక్కే దారి మూసుకుపోతుంది. భుజం గీరుకుపోయింది గానీ చెయ్యి దక్కింది. వైకుంఠరావు ముఖం పాలిపోయింది. కాపాడదామనుకున్న ప్రాణాన్ని తానే రోడ్డు పాలు చేయబోయాడు.

గేటు దగ్గర ఆగిన జనం మూగారు. జీడిపిక్కల బస్తాలేసుకుని వెళ్తున్న ఆటో డ్రైవరు, "పొద్దున్నే ఏసీసినాడు! ఎనకాల రోగిష్టోడ్ని ఎట్టుకుని ఇదేం పని?" అన్నాడు.

"ఏటి మావా, నిజంగా తాగినావా?" అని ఇంకొకడు అడిగాడు.

వైకుంఠరావు బుద్ధెరిగి కల్లు చుక్క ముట్టినవాడు కాదు. ఆయన దుమ్ము దులుపుకుంటూ, "అవున్రా బావూ, కొంచెం పుచ్చుకున్నాను" అన్నాడు.

ఈ మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. నిఖార్సయిన మనిషి ఒకడు నలుగురి ముందు తాగుబోతునని ఒప్పుకున్నాడు గానీ, రోగినని ఒప్పుకోలేకపోయాడు. తాగినవాణ్ణి ఆ పూటకి తిట్టి మర్నాటికి మరిచిపోతాం. వణికేవాణ్ణి మాత్రం జీవితమంతా జాలిగా చూస్తాం, పనిలోంచి తప్పిస్తాం, వాడి ముందే వాడి గురించి మాట్లాడుకుంటాం. మన జాలి కంటే మన తిట్టే నయమని అతనికి అనిపించిందంటే తప్పు అతనొక్కడిదేనా?

ధనుంజయ మెల్లగా లేచి కూర్చున్నాడు. అన్న ముఖం వైపు చూశాడు. ఆ తర్వాత, అందరూ లేపి నిలబెట్టినా అడుగు పడక నేలకి అతుక్కుపోయినట్టున్న అన్న కాలి వైపు చూశాడు. ఆ ఆటో డ్రైవరే బస్తాల మధ్య చోటుచేసి ఇద్దరినీ పలాస చేర్చాడు.

తర్వాతి డయాలసిస్ రోజు పొద్దున్న కోడలు దేవి చిన్న మామగారికి ఇడ్లీ పెట్టింది. వైకుంఠరావు ఆటో పిలిపించాడు. ధనుంజయ మాత్రం లుంగీతోనే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"లెగరా తమ్ముడూ, ఆటో వచ్చీసింది."

"నాను రాను అన్నియ్యా."

"రావేటి? ఈయేళ నీ పూట గదా!"

"నువ్వు తాగనేదని నాకు తెల్దేటి? తాగినోడి కాలు తూలతాది. నీ కాలు అసలు కదల్లేదు. నీకేటయిందో సెప్పు. సెప్పేదాకా నాను మిషనెక్కను."

అందరూ మొదట వేళాకోళం అనుకున్నారు. వైకుంఠరావు గదమాయించాడు, బతిమాలాడు. ఆటోవాడు చూసి చూసి వెళ్ళిపోయాడు. ఎండ ముదిరింది. ధనుంజయ కళ్ళ కింద వాపు ఎక్కువైంది, మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతున్నాడు. అయినా కుర్చీలోంచి లేవలేదు.

బొడ్డమ్మ ఏడుపు అందుకుంది. "సచ్చిపోతావురా బాబూ! నీకేటి పంతం?"

"పంతం నాది కాదొదినా, అన్నియ్యది. ఆయన లోపల లోపల పాడైపోతంటే నాను ఆయన బండెక్కి ఊరేగాలేటి? అలాటి బతుకు నాకొద్దు."

వైకుంఠరావు ఇక నిలవలేకపోయాడు. ఇంట్లోకి వెళ్ళి, పెట్టెలోంచి విప్పని మాత్రల అట్టలన్నీ తెచ్చి తమ్ముడి ఒళ్ళో పోశాడు. పక్కనే నేల మీద కూలబడి జబ్బు పేరు చెప్పాడు, డాక్టరమ్మ మాటలు చెప్పాడు, పథ్యం సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుడిచెయ్యి దాని ఇష్టానికి అది వణికింది. ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి.

"నాకు జబ్బంటే నిన్నెవరు తీసుకెల్తారని సెప్పనేదురా. ఇంట్లో ఇద్దరం రోగులమైతే ఎలాగని..."

"నాలుగేళ్ళై మిషను మీద బతుకుతన్నాను. నలుగురిలో తిరగడానికి సిగ్గుపడతంటే, సిగ్గెందుకురా, జబ్బేటి తప్పు పనా అని నన్ను బండెక్కించింది నువ్వే గదా! ఆ మాట నాకొకలాగ, నీకొకలాగేటి?"

బొడ్డమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. "సెయ్యి ఒణికితే ఒణికిందని నానే అన్నాను. కొబ్బరికాయలు కూడా కొట్టీసినాను" అని కుమిలిపోయింది.

అక్కడ ఏడవకుండా ఉన్నది దేవి ఒక్కతే. ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి, మాత్ర మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో డాక్టరు చేత చెప్పించి, మామగారి చేతిలో నీళ్ళగ్లాసు పెట్టింది. ఆయన మాత్ర మింగాకే ధనుంజయ కుర్చీలోంచి లేచాడు. ఆయాసపడుతున్న చిన్న మామగారి కోసం దేవి ఆటో మాట్లాడి పలాస తీసుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "నాకు స్కూటీ ఉంది మావయ్యా. రోజూ కాశీబుగ్గ కుట్టు షాపుకి ఎల్తన్నాను. సిన్మావయ్యని దింపమని ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా నన్నడగనేదు" అంది. తాను తప్ప మోసేవాళ్ళు లేరనుకున్న వైకుంఠరావు ఆ మాటకి తెల్లబోయాడు.

విశాఖపట్నం వెళ్ళే రోజున ధనుంజయ, బొడ్డమ్మ కూడా రైలెక్కారు. పథ్యం కథ విని డాక్టరు మాధవీలతకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"నన్నడగకుండా నా వైద్యానికి పథ్యం పెట్టినవాళ్ళని మిమ్మల్నే చూశాను" అని, ఆ వెంటనే గంభీరంగా చెప్పింది. "ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్ళు బిగుసుకుని ప్రాణం మీదికి రావచ్చు. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి. ఇక ఆ వీడియో అంటారా, అందులో చూపించింది ఒక్క నిమిషం. జబ్బు రోజంతా ఉంటుంది."

"అయితే ఆ అయస్కాంతం అబద్ధమేటమ్మా?" అని అడిగాడు ధనుంజయ.

"అబద్ధం కాదు, అద్భుతమూ కాదు. తల మీద చర్మానికి ఆనించి ఒక తీగచుట్ట పెడతాం. అందులోంచి వచ్చే అయస్కాంత శక్తి పుర్రె దాటి, కదలికలు నడిపే మెదడు భాగాన్ని తడుతుంది. కోత లేదు, మత్తు లేదు. దీనివల్ల కొందరికి నడక, చేతి పని కొన్నాళ్ళపాటు తేలికవుతున్నాయి. కొందరికి తేడా ఏమీ ఉండదు. ఎవరికి ఎంత మేలు, ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నది డాక్టర్లు ఇంకా తేల్చుకుంటున్నారు. జబ్బుని ఇది తీసెయ్యదు. మాత్రకి తోడుగా ఉంటుందే గానీ, మాత్ర మానెయ్యడానికి కాదు."

"మరి ఆ మాత్రలకి కిడ్నీ పోదేటమ్మా?" వైకుంఠరావు అడిగాడు.

"మీకు వద్దన్నది ఇష్టమొచ్చినట్టు మింగే నొప్పి మాత్రలు. ఇవి వేరు. మీ కిడ్నీలు బాగున్నాయి, అప్పుడప్పుడు పరీక్ష చేయించి చూసుకుందాం. మీ ఊళ్ళో కిడ్నీకి భయపడటం తప్పు కాదు. ఆ భయంతో ఇంకో జబ్బుని ముదరబెట్టుకోవడమే తప్పు."

బొడ్డమ్మ అడగాలా వద్దా అని నసిగి, "పిచ్చోళ్ళకెట్టే కరెంటు కాదు గదమ్మా?" అంది.

"అది వేరే వైద్యం. అయినా అది అవసరమైనవాళ్ళూ మనలాంటి మనుషులే, దానికీ సిగ్గుపడక్కర్లేదు" అంది డాక్టరు. ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, తలలో లోహపు ముక్కలేవైనా ఉన్నాయా, గుండెకి యంత్రం అమర్చారా అని గుచ్చి గుచ్చి అడిగింది. అన్నిటికీ లేదనే విన్నాక, ముందు మాత్రలు కుదురుకోనిచ్చి, ఆ తర్వాత అయస్కాంత చికిత్స మొదలుపెడదామంది.

ఆ చికిత్స జరిగినన్నాళ్ళూ భార్యాభర్తలు విశాఖలో బొడ్డమ్మ అక్క ఇంట్లో ఉన్నారు. మొదటిరోజు బొడ్డమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని భర్త పక్కన నిలబడింది. టక్ టక్ మని చప్పుడు తప్ప ఏమీ లేకపోయేసరికి ఒక కన్ను తెరిచింది.

"ఇంతేనా? మా త్రినాథ్ ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కోసే మిషను ఇంతకంటే గోల సేత్తాదంట" అంది. చికిత్స చేసే అమ్మాయి నవ్వేసింది. వైకుంఠరావు ముఖంలో కూడా, ఆలస్యంగానైనా, నవ్వు కదిలింది.

ఆ రోజుల్లో ఊళ్ళో దేవి తన పనివేళలు మార్చుకుని ధనుంజయని స్కూటీ మీద పలాస తీసుకెళ్ళింది. ఒక్క పూట కూడా తప్పలేదు.

చికిత్స ముగిసేసరికి అద్భుతం జరిగిందని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది గానీ, అది నిజం కాదు. చెయ్యి పూర్తిగా ఆగలేదు. కానీ అడుగు పొడవైంది. చొక్కా గుండీలు మళ్ళీ ఆయనే పెట్టుకుంటున్నాడు. ఇందులో మాత్ర గుణమెంత, అయస్కాంతం గుణమెంత అని అడిగితే విడదీసి చెప్పలేనని డాక్టరమ్మ నిజాయితీగా ఒప్పుకుంది. కొన్నాళ్ళకి మళ్ళీ చూసి, అవసరమైతే ఇంకోసారి పెడదామంది. పెద్ద పెద్ద అడుగులు వెయ్యమని, గట్టిగా మాట్లాడటం రోజూ సాధన చెయ్యమని చెప్పి పంపింది. బండి మాత్రం తాను చెప్పేదాకా నడపవద్దంది. ఆయన ఆ మాటకి కొంచెం బాధపడ్డాడు, కానీ తాళం తానే దేవి చేతిలో పెట్టాడు.

వైకుంఠరావు తలకి అయస్కాంతం పెట్టించుకొచ్చాడన్న కబురు వజ్రపుకొత్తూరు తీరం దాకా పాకింది. ఒకనాటి ఉదయం సముద్రం ఒడ్డు ఊరి నుంచి తవిటమ్మ అనే ఆవిడ వచ్చింది. చేపల వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. భర్త కూర్మయ్యకి ఏడాదిగా చెయ్యి వణుకుతోందిట. ఆయన లోపలికి రాకుండా వీధిలో అటు తిరిగి నిలబడ్డాడు.

తవిటమ్మ గొంతు తగ్గించింది. "ఆ అయస్కాంతం ఎక్కడెడతారో సెప్పు బావూ, గుట్టుగా ఎల్లొచ్చీత్తాం. పడవలోళ్ళకి తెలిత్తే ఈయన్ని ఏటకి రానియ్యరు. తాగుడు ఒణుకని సెప్పుకొత్తన్నాం."

ఆ మాట వినగానే వైకుంఠరావుకి రైలు గేటు దగ్గర తానాడిన అబద్ధం గుర్తొచ్చింది. వాకిట్లో ఉన్న ధనుంజయ అన్న వైపు చూశాడు. వైకుంఠరావు గోడ ఆసరా లేకుండా లేచి, పెద్ద పెద్ద అడుగులు వేస్తూ వీధిలోకి వెళ్ళి, కూర్మయ్య వణికే చేతిని తన వణికే చేత్తో పట్టుకున్నాడు. సాధన చేసిన గొంతుతో, వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి వినేలా చెప్పాడు.

"బావా, ఇది పార్కిన్సన్ కావొచ్చు, ఇంకోటి కావొచ్చు. డాక్టరు సూసి సెప్పాల. ఆసుపత్రి పేరు సెప్తాను, కావాలంటే నానూ కూడా వత్తాను. ముందు మాత్రలే ఇత్తారో, అయస్కాంతమే ఎడతారో వాళ్ళిట్టం. పూర్తిగా పోకపోయినా ఒళ్ళు తేలికవుతాది, నన్ను సూడు. అయితే బేగి ఇంటికెల్లి, నీతో పడవెక్కేవోళ్ళందరికీ ఈ సంగతి నీ నోటితో నువ్వే సెప్పు. నాను సెప్పకుండా మా తమ్ముణ్ణి సంపీబోయినాను. నడుం మీద సెయ్యేసి నడిపించే మనుషులు మన ఇంట్లోనే ఉంటారు, మనమే వాళ్ళని అడగం. ఒణుక్కి మాత్రలున్నాయి, మిషన్లున్నాయి, రేపు ఇంకా మంచివి వత్తాయి. మన మనుషులకి సెప్పకుండా దాసుకున్న జబ్బుకి మాత్రం ఏ ఆసుపత్రిలోనూ మిషను లేదు."